తంగేడు లాంటి పువ్వు

"సంచి కింద పెట్టండి," అన్నాడు పార్క్ గార్డు రెండోసారి.

మొదటిసారే వినపడింది నాకు. చేతులే మాట వినలేదు. ఇండియన్ స్టోర్‌లో ఇరవై పౌండ్ల సోనామసూరి కొన్నప్పుడు వచ్చిన సంచి అది, ఇప్పుడు దాన్నిండా పసుపు పూల కొమ్మలు. కింద పెట్టగానే పక్కకి ఒరిగింది. సగం పూలు ఆయన బూట్ల మీద పడ్డాయి. ఆయన బూట్లు కదపలేదు. పూలవైపు చూశాడు, నావైపు చూశాడు, తర్వాత నా వెనక నిలబడ్డ అత్తమ్మవైపు చూశాడు. అత్తమ్మ ఒక చేతిలో ఇంకో కొమ్మ ఉంది. రెండో చేతిలో మా వంటింటి కత్తెర.

ఆ టైమ్‌లో పార్కింగ్‌లో ఉన్న జనమంతా మెడలు వెనక్కి వాల్చి ఆకాశంలోకి చూస్తున్నారు. మా అల్బుకర్కీలో అక్టోబర్ వచ్చిందంటే బెలూన్ల పండుగ. పొద్దు పొడుస్తూనే వందల బెలూన్లు ఒకదాని వెనక ఒకటి లేస్తాయి. ఎర్రచారల బెలూన్ ఒకటి మా నెత్తి మీద నుంచే పోతోంది. మంట వదిలినప్పుడల్లా బుస్సుమని చప్పుడు. పిల్లలు కేకలు వేస్తున్నారు. అంత జనంలో నేల చూపులు చూస్తున్నది మేం ముగ్గురమే.

"ఏమంటుండే?" అని అత్తమ్మ నా చెవి దగ్గర అడిగింది.

"ఏం లేదత్తమ్మా. పూలు బాగున్నయంటుండు."

నాకదే జబ్బు. ఏదడిగినా చప్పున జవాబు చెప్పెయ్యాలి. తెలిసినా సరే, తెలియకపోయినా సరే.

నేను ఇంటర్‌తో చదువు ఆపేసి, పెళ్లి చేసుకుని ఈ ఊరొచ్చినదాన్ని. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హెచ్ వన్ వీసా. నాది ఆయన వీసాకి తోకలాంటి వీసా, ఉద్యోగం చెయ్యకూడదు. కానీ అక్టోబర్ వస్తే ఈ ఊళ్లో నా అంత బిజీ మనిషి ఇంకొకరుండరు. ప్లెయిన్స్‌బరో నుంచి ఆయన ఫ్రెండ్స్, సన్నీవేల్ నుంచి మా పెద్దమ్మ కూతురు, దాని అత్తామామలు, అందరూ బెలూన్లు చూడ్డానికి మా ఇంట్లోనే దిగుతారు. ఆయనకి లీవ్ దొరకదు. తిప్పేది నేను. చీకటుండగానే లేపి ఫ్లాస్కుల్లో చాయ్ పోసుకుని మైదానానికి తీసుకెళ్తాను. మధ్యాహ్నం తీగ మీద నడిచే ట్రామ్‌లో కొండ మీదికి. సాయంత్రం గుమ్మాలకి ఎండుమిర్చి దండలు వేలాడే పాత బజారుకి. ఎక్కడ బోర్డు కనబడినా ఆగిపోయి, "ఇదేంటంటే అంకుల్..." అని మొదలుపెడతాను. మొదటి రెండు లైన్లు చదువుతాను. మిగతాది ఊహించి చెప్తాను. అందరూ తలలూపుతారు. ఒకాయన "అమ్మాయి అచ్చం గైడ్‌లా చెప్తోందే" అన్నాడు. ఆ మాటకి వారం రోజులు మురిసిపోయాను.

ఆ సంవత్సరం సద్దుల బతుకమ్మ బెలూన్ల వారంలోనే వచ్చింది. జూన్‌లో దిగిన దగ్గర్నుంచీ అత్తమ్మకి ఒకటే బెంగ, ఈ ఊళ్లో తంగేడు దొరకదా అని. తంగేడు లేని బతుకమ్మ ఆమె లెక్కలో బతుకమ్మే కాదు. సెప్టెంబర్ చివర్లో ఎడారి పొదలన్నీ ఒక్కసారిగా పసుపు పచ్చగా పూశాయి. కార్ అద్దంలోంచి అవి చూసి అత్తమ్మ సీట్‌బెల్ట్ లాక్కుంటూ ముందుకి వంగింది.

"ఓ పిల్లా! ఆపు, ఆపు! గది తంగేడే!"

తంగేడు కాదు. రేకులు వేరు, వాసన ఘాటు. దూరం నుంచి చూస్తే మాత్రం ఎవరైనా తంగేడే అనుకుంటారు.

"తంగేడు గాకుంటే తంగేడు చెల్లెలు," అని తేల్చేసింది అత్తమ్మ. "సుట్టమే గదా. పండుగకు పిలుద్దాం."

అందుకే పండుగ రోజు పొద్దున్నే ఆ పార్క్‌కి తీసుకెళ్లాను. ఊరికి పడమటి అంచున, నల్లరాళ్ల మీద ఎప్పటివాళ్లో చెక్కిన బొమ్మలుంటాయి అక్కడ. చేతులు, పక్షులు, సుడులు. బెలూన్లూ కనబడతాయి, రాతిబొమ్మలూ చూడొచ్చు, పూలూ కోసుకోవచ్చు. ఒక్క ట్రిప్‌లో మూడు పనులు అనుకున్నాను.

దారి మొదట్లో ఒక బోర్డు ఉంది. పైన పాము బొమ్మ, కింద ఎనిమిదో తొమ్మిదో లైన్లు. అత్తమ్మ దాని ముందు ఆగింది.

"ఏం రాసిండ్రే? పువ్వులు గిట్ల తెంపొద్దని రాసిండ్రా?"

ఇంత సూటిగా అడిగింది. నేను పాము బొమ్మ చూశాను. మొదటి లైన్ చదివాను. రెండో లైన్‌లో ఒక పెద్ద మాట తగిలింది, అక్కడే ఆగిపోయాను. అవతల బెలూన్లు లేస్తున్నాయి.

"పాములుంటయి, చూసుకోని నడువుమన్నరు అత్తమ్మా. పూల గురించి ఏం లేదు."

ఆమె నమ్మింది. కొమ్మలు నేను వంచాను, ఆమె కత్తిరించింది. సంచి నిండేదాకా.

ఇప్పుడు ఆ గార్డు మా ముందు నిలబడి ఉన్నాడు. ఖాకీ యూనిఫామ్, వెడల్పాటి టోపీ, మా అన్నయ్య వయసు ఉంటుంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే అంత భయం వేసేది కాదేమో.

"ఇవి ఎవరు కోశారు?"

నా బుర్ర ఎటెటో పరిగెత్తింది. డిసెంబర్‌లో మా ఆయన ఇండియా వెళ్లి వీసా స్టాంపింగ్ చేయించుకోవాలి. ఎవరికో చిన్న కేసు వల్ల స్టాంపింగ్ నెలల తరబడి ఆగిందని వాట్సాప్ గ్రూప్‌లో చదివాను. నిజమో కాదో తెలియదు, కానీ ఆ మెసేజ్ కళ్ల ముందుకొచ్చింది. నా పేరు రాస్తే ఆయన పేరు రాసినట్టే. ఆయన ఉద్యోగం, మా ఇల్లు, అన్నీ ఆ కాగితంలోకి పోతాయి. అత్తమ్మ అయితే పెద్దావిడ, చూడ్డానికొచ్చిన మనిషి. నవ్వి వదిలేస్తారు.

"మై మదరిన్‌లా," అన్నాను. "షీ డోంట్ నో. నో ఇంగ్లిష్."

నోటితో చెప్పింది చాలక వేలు కూడా చూపించాను.

తనవైపు వేలు తిరగగానే అత్తమ్మ, నేనేదో పరిచయం చేస్తున్నాననుకుందో ఏమో, ఆయనకి నమస్కారం పెట్టింది. కొమ్మ, కత్తెర రెండూ ఆ చేతుల మధ్యే ఉన్నాయి.

ఆయన కూడా కాస్త తల వంచాడు. తర్వాత ఆమె ఐడీ అడిగాడు. ఇంటికొచ్చే గెస్టులందరి పాస్‌పోర్ట్ ఫోటోలూ నా ఫోన్‌లో ఉంటాయి. తీసి చూపించాను. అత్తమ్మ పేరు పొడుగు. ఒక్కో అక్షరం చూసుకుంటూ ఫారంలో రాసుకున్నాడు. నా లైసెన్స్ చూశాడు, ఫోన్ నంబర్ తీసుకున్నాడు, సంచిని ఫోటో తీశాడు. అప్పుడు చెప్పాడు. ఇక్కడ ఆకు కానీ రాయి కానీ ముట్టుకోకూడదట. ఇక్కడి ఆదివాసులకి ఇది ఇప్పటికీ మొక్కుకునే చోటట.

"బోర్డు మీద ఉంది కదా," అన్నాడు. నేను బోర్డువైపు తిరగలేదు.

"మా సూపర్‌వైజర్ ఇవాళ బెలూన్ల ట్రాఫిక్ దగ్గర ఉన్నారు. టికెట్ రాయాలా, వార్నింగ్‌తో వదలాలా అనేది ఆవిడ ఇష్టం. రేపు ఆఫీస్ తెరిచాక మీకు ఫోన్ వస్తుంది."

సంచి తీసుకున్నాడు. అత్తమ్మ చేతిలో కొమ్మ కూడా తీసుకున్నాడు. కత్తెర మాత్రం, పట్టుకునే వైపు ఆమెకి వచ్చేలా తిప్పి ఇచ్చాడు.

కార్‌లో కూర్చున్నాక అత్తమ్మ అడిగింది. "పువ్వులు గుంజుకున్నడేందే?"

"ఇక్కడ తెంపొద్దంట అత్తమ్మా. రూల్ కొత్తగ వచ్చిందంట."

"కొత్తగనా?"

"ఆఁ."

ఆమె అటు తిరిగి అద్దంలోంచి చూస్తూ కూర్చుంది. రోడ్డంతా బెలూన్ల కోసం వచ్చిన కార్లే. ముందుకీ వెనక్కీ కదలడానికి లేదు. ఒక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తట్టింది నాకు, రాబోయే మార్చి నెల.

నేను అప్పుడు కడుపుతో ఉన్నాను, నాలుగో నెల. మార్చిలో డెలివరీ. మా అమ్మ వీసాకి రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ ఇవ్వలేదు. డెలివరీకి నా దగ్గర ఉండగలిగేది అత్తమ్మ ఒక్కతే. నవంబర్‌లో వెళ్లిపోయి మార్చిలో మళ్లీ రావాలి. ఇంత తొందరగా మళ్లీ ఎందుకొచ్చావని ఎయిర్‌పోర్ట్‌లో అడుగుతారేమోనని మాకు ముందు నుంచే గుబులు. ఇప్పుడు ఆ ఆఫీసర్ కంప్యూటర్‌లో ఆమె పేరు పక్కన ఈ పార్క్ సంగతి కనబడితే? ఆమె పక్కన నేనుండను. ఆమెకి ఇంగ్లిష్ రాదు. ఏం అడిగినా నమస్కారం పెడుతుంది. అంతే. వెనక్కి పంపేస్తారు.

చేసింది నేను. పేరు ఆమెది.

ఫోన్ మోగింది. కార్ స్పీకర్‌లో మా ఆయన గొంతు. "పూలు దొరికినయా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. "దొర్కలే బిడ్డా. మంచిగ లేవు గక్కడ. బంతిపూలు కొనుక్కపోతం తియ్యి."

నేను పక్కకి తిరిగి చూశాను. ఆమె రోడ్డువైపే చూస్తోంది.

గ్రాసరీ స్టోర్‌లో బంతిపూలు, చామంతులు, ఇంకేవో పేరు తెలియని ఊదారంగు పూలు కొన్నాం. అత్తమ్మ మధ్యాహ్నమంతా పీట వేసుకుని బతుకమ్మ పేర్చింది. మామూలుగా అయితే పేరుస్తూ పాడుతుంది, నన్ను తిడుతుంది, కాడలు సరిగ్గా కొయ్యలేదని చేతి మీద కొడుతుంది. ఆ రోజు ఒక్కమాట అనలేదు. నేను ప్రసాదానికి మలీద ముద్దలు చేస్తూ, పిండి చేతులతోనే పది నిమిషాలకోసారి ఫోన్ చూసుకున్నాను. రేపే చేస్తామన్నాడు కదా. అయినా చూశాను.

సాయంత్రం మా అపార్ట్‌మెంట్ల మధ్య లాన్‌లో ఆడాం. ఓ ఇరవై మంది ఆడవాళ్లం ఉంటాం. పట్టుచీరల మీద స్వెటర్లు. అమెరికన్ ముసలావిడ ఒకామె బాల్కనీలోంచి ఫోటోలు తీసుకుంటోంది. ఆట మధ్యలో ఒక ఆంటీ అత్తమ్మని అడిగింది.

"ఏమ్మా, మీ కోడలు ఊరంతా చూపిస్తుందా, ఇంట్లో కూర్చోబెడుతుందా?"

"నా కోడలా?" అంది అత్తమ్మ. "బోర్డు కనవడ్తె సాలు, గడగడ సదువుతది. దానికి తెల్వనిది లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చప్పట్ల లెక్క తప్పింది నాకు, పక్కనున్న అమ్మాయి కాలు తొక్కాను.

ఇంటికొచ్చాక మా ఆయన ఆఫీస్ కాల్ ఉందని గదిలోకి వెళ్లాడు. నేను, అత్తమ్మ వంటింట్లో ఉన్నాం. ఆమె ఇత్తడి తాంబాలం కడుగుతోంది. ఇంక నావల్ల కాలేదు.

"అత్తమ్మా, పొద్దున ఆ పార్క్ ఆయనకు నేను..."

"ఎరుకే," అంది తల తిప్పకుండానే.

"ఏం ఎరుక?"

"ఇంగ్లీష్ రాకపోతె ఏంది, యేలు ఎటు సూపెట్టినవో కండ్లకు కనవడదా? నా పేరు రాయించినవ్."

తాంబాలం తిప్పి రెండోవైపు రుద్దింది.

"మంచిగనే జేసినవ్," అంది మళ్లీ. "నాదేముంది? మీకిద్దరికి ఈ దేశంల ఇంక బతుకంత ఉన్నది. వానికి గిట్ల చెప్పకు, ఊకె పరేషానైతడు."

"మరి మార్చిల మిమ్మల్ని రానియ్యకపోతే?"

"రానిస్తె వస్త. రానియ్యకుంటె ఫోన్ల జెప్త, నువ్వు జేసుకో. బాలింతకు పెట్టే కాయం పొడి కొట్టి పంపిస్త."

ఏడుపొచ్చింది నాకు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పేశాను. రూల్ కొత్తది కాదని, అది అక్కడి వాళ్లకి దేవుడి చోటని. ఆ మాట వినగానే తాంబాలం పక్కన పెట్టేసి తడిచేతులతోనే లెంపలేసుకుంది.

"అయ్యో! దేవుని గుట్ట మీద తెంపినమా? ముందుగాల గది జెప్పాలె గదా!" తర్వాత నావైపు తిరిగింది. "ఒక్కటడుగుత. బోర్డు మీద ఉండెనా?"

"ఉండె."

"నువ్వు సదువలే."

"మొత్తం చదవలే."

"సదువలేదత్తా, నాకు రాలేదు అంటె ఏమైతుండె? ఇద్దరం గల్సి ఎవల్నన్న అడుగుదుము గదా."

పేరు రాయించినందుకు ఆమెకి కోపం లేదు. ఇందుకు ఉంది. తాంబాలం తుడిచి, లైట్ ఆపి వెళ్లి పడుకుంది.

మర్నాడు పొద్దున చాయ్ తాగేటప్పుడు మా ఆయనకి చెప్పాను. కప్పు టేబుల్ మీద పెట్టాడు.

"అమ్మ పేరు చెప్పినవా?"

"ఆఁ. ఇప్పుడు పోయి నా పేరు చెప్పొస్తా."

"ఆగు, ఆగు. తొందరపడకు. ముందు ఫోన్ రానీ. మా కంపెనీ లాయర్‌ని అడుగుదాం. నువ్వు పోయి పేరు రాయించుకుంటే డిసెంబర్‌ల ఏమైతదో తెలుసా?"

"తెలియదు. నీకు తెలుసా?"

ఆయన "తెల్వదు," అన్నాడు.

"అమ్మకు మార్చిల ఏమైతదో తెలుసా?"

ఆయన కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అత్తమ్మ గది తలుపు దగ్గర నిలబడి ఉంది. "పోవద్దే," అంది. గట్టిగా అనలేదు. నేను కార్ తాళాలు తీసుకున్నాను.

బెలూన్లు ఆ రోజు కూడా లేచాయి. మళ్లీ అదే ట్రాఫిక్. పార్క్‌కి చేరేసరికి ఆఫీస్ ఇంకా తెరవలేదు. బోర్డు ముందుకెళ్లి నిలబడి పాము బొమ్మ నుంచి మొదలుపెట్టాను. రాని మాటలు ఫోన్‌లో కొట్టి చూసుకున్నాను. మూడు మాటలు అలా చూడాల్సి వచ్చింది. మొక్కల సంగతి ఏడో లైన్‌లో ఉంది.

తలుపు తెరవగానే లోపలికెళ్లాను. నిన్నటాయన ఒక మూల టేబుల్ దగ్గర ఉన్నాడు. కౌంటర్ వెనక జుట్టు నెరిసిన పెద్దావిడ. సూపర్‌వైజర్ ఆవిడే. దారంతా బట్టీ పట్టిన ఇంగ్లిష్ సగం మర్చిపోయాను. మిగిలిన సగంతోనే చెప్పాను. కోసింది నేనూ అత్తమ్మా ఇద్దరం. ఆమె ముందే నన్ను అడిగింది. నేను బోర్డు చదవకుండా చదివానని చెప్పాను. నిన్న తప్పు ఆమె మీద పెట్టాను. ఆమె పేరు తీసెయ్యండి, నా పేరు రాయండి.

ఆవిడ ఆ ఫారం వెతికి బయటికి తీసింది. "ఇక్కడికి రమ్మని మీకెవరైనా చెప్పారా?"

"లేదు. వద్దన్నారు. ఇద్దరూ వద్దన్నారు."

నిన్నటాయన మూలనుంచి తలెత్తి చూశాడు.

"ఆమె పేరు తీసేస్తాను," అందావిడ. "మీరు చెప్పింది రాసి సంతకం పెట్టండి. ఇది వార్నింగ్ అవుతుందో, టికెట్ అవుతుందో ఇప్పుడు మాటివ్వలేను. మీ పేరు మాత్రం మా దగ్గర ఉంటుంది. సరేనా?"

సరే అన్నాను. ఆవిడ తెల్లకాగితం ఇచ్చింది. నాలుగు లైన్లు రాశాను. స్పెల్లింగులు తప్పులే అయ్యుంటాయి. ఆవిడ ఫారంలో అత్తమ్మ పొడుగుపేరు మీద గీత కొట్టి, పక్కన నా లైసెన్స్ చూసి నా పేరు రాసింది. సంతకం పెట్టమని నావైపు తిప్పింది.

పెన్ను పట్టుకున్నాను కానీ వెంటనే పెట్టలేదు. ఫారం మొదటి లైన్ నుంచి కింది దాకా వేలు పెట్టుకుని చదివాను. నా వెనక ఎవరో బెలూన్ బొమ్మల టోపీలు పెట్టుకున్న దంపతులు వచ్చి నిలబడ్డారు. మధ్యలో రెండు మాటలు నాకు రాలేదు.

"ఇవి నాకు తెలియవు, చెప్పండి," అన్నాను.

ఆవిడ చెప్పింది. రెండోదాన్ని ఇంకోసారి చెప్పమన్నాను. తర్వాత సంతకం పెట్టాను.